సంధి మాటలు

జ్వరంలో మనిషి అయోమయంగా మాట్లాడితే మా అమ్మమ్మ కాలంలో "సంధి పుట్టింది" అనేవారు. ఇప్పుడా మాట వినపడదు. వయసు మళ్ళిన వాళ్ళయితే పెద్దతనం అంటారు, లేకపోతే టెన్షన్ అంటారు. మా అత్తయ్యగారికి 62 ఏళ్ళు. ఆవిడ విషయంలో రెండూ విన్నాను.

రెండు రోజులు జ్వరం, తలనొప్పి. మూడో రోజు చారులో ఉప్పుకి బదులు పంచదార వేశారు. ఇంట్లో ఏమీ కాలకపోయినా రబ్బరు కాలుతున్న వాసన వస్తోందన్నారు. సాయంత్రానికి నన్ను తన చెల్లెలి పేరుతో పిలిచారు. మొదట చూసిన డాక్టరు వైరల్ ఫీవరని మాత్రలిచ్చారు. ఇంకో చోట సీటీ స్కాన్, సోడియం, షుగర్ అన్నీ బాగానే ఉన్నాయని చెప్పి మానసిక వైద్యుడికి చూపించమన్నారు. "మొన్నటిదాకా పాలవాడి లెక్క నోటితో కట్టిన మనిషండీ!" అని నేను అంటూనే ఉన్నాను.

మర్నాడు కలిసిన న్యూరాలజిస్టు అడిగింది సరిగ్గా అదే. జ్వరం ఎంతుందో తర్వాత, ముందు మనిషి ఎప్పటినుంచి మారిందో రోజులవారీగా చెప్పమన్నారు. ఎమ్మారైలో కణత లోపలి మెదడు భాగం వాచి ఉంది. హెర్పిస్ ఎన్‌సెఫలైటిస్ కావచ్చన్నారు. పెదవి మీద జ్వరప్పొక్కులు తెప్పించే వైరస్సేనట ఇది. చాలామంది ఒంట్లో ఊరికే పడి ఉంటుంది, ఎక్కడో ఒకరికి మెదడులో రేగుతుంది. అత్తయ్యగారికైతే పెదవి మీద ఒక్క పొక్కూ లేదు.

వెన్నులోంచి నీరు తీసి పీసీఆర్ చేస్తే వైరస్ కనపడలేదు. మా వారు హమ్మయ్య అనుకున్నారు. డాక్టరుగారు మాత్రం అప్పటికే మొదలుపెట్టిన ఎసైక్లోవిర్ ఆపలేదు. తొలి రెండు మూడు రోజుల్లో తీసిన నీటిలో ఒక్కోసారి దొరకదన్నారు. నాలుగు రోజులాగి మళ్ళీ తీస్తే దొరికింది. మందు ఇవ్వకపోతే ఈ జబ్బులో పదిమందికి ఏడుగురు దక్కరని ఆ తర్వాతే మాకు చెప్పారు. 8 గంటలకోసారి, 21 రోజులు నరంలోకి ఎక్కించారు.

ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. తన పెళ్ళిలో వడ్డించిన పదార్థాలు వరసగా చెప్తారు, పొద్దున తిన్న ఉప్మా గుర్తుండదు. ఫిట్స్ మాత్ర రెండు పూటలా నేనే వేస్తాను. "ఇందాకేగా వేశావు" అని రోజూ పోట్లాడతారు.