పాత లారీల నీళ్లు ఎటు పోతున్నయి?

మన తండాల్లో పాత బండ్ల మీద బతికే ఇండ్లు మస్తున్నయి కాబట్టి ఈ పోస్టు పెడుతున్నం.

మా ఇంట్ల కాలేజీ దాకా వచ్చింది మేమిద్దరం అన్నదమ్ములమే, హాస్టల్ల ఉంటున్నం. ఇల్లు గడిచేది బాపు లారీ మీదనే. దేవరకొండ నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాద్‌కు బత్తాయి లోడు కొడతడు. సెలవులకు పోయేసరికి రేడియేటర్ల నీళ్లు ట్రిప్పు ట్రిప్పుకు తగ్గుతున్నయి. కింద చూస్తే చుక్క లేదు. మెకానిక్ చూసీ చూడంగనే "గ్యాస్కెట్ కొట్టింది, హెడ్ దించాలె" అన్నడు. బాపు మిత్తికి పైసలు తెచ్చేందుకు తయారైండు. నాలుగు రోజులు ఆగమన్నం.

ముందు లెక్క పెట్టినం. రోజూ తెల్లారి, ఇంజన్ చల్లగున్నప్పుడు, లారీ ఒకటే జాగల పెట్టి, నిండేదాకా ఎన్ని నీళ్లు పట్టినయో నోటుబుక్కుల రాసినం. ట్రిప్పుకు అర లీటరు. వేడి మీద మాత్రం మూత ముట్టొద్దు. మూత ఒత్తిడి పట్టి ఉంచుతది కాబట్టే 100 డిగ్రీలు దాటినా లోపలి నీళ్లు మరగవు. మూత తీస్తే ఒక్కసారే ఆవిరై మొఖం మీదికి ఎగజిమ్ముతయి. మనం ఇంటర్ల చదివిన ఫిజిక్సే ఇది.

నీళ్లు పోతే బయటికన్నా పోవాలె, ఇంజన్ లోపలికన్నా పోవాలె. లోపలికి పోతే ఆయిల్ పాలు కలిపిన చాయ్ లెక్క అవుతది, ఇంజన్ వేడెక్కినంక కూడా తెల్ల పొగ ఆగది, చల్లగున్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్ల బుడగలు ఆగకుండ వస్తయి. మాకు ఒక్కటి కూడా కనిపించలే. అయినా చిన్న పగులుంటే ఇవన్నీ దాగి ఉండొచ్చని, చేతిపంపుతో ఒత్తిడి పెట్టి చూసేటోని దగ్గరికి తీస్కపోయినం. ముల్లు మెల్లగ దిగుతున్నది. మూత మంచిగనే ఉంది.

మన నల్లగొండ బోరు నీళ్ల సంగతి అందరికీ ఎరుకే. ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే పడ్డది. రేడియేటర్‌ను ఖరాబు చేసేది ఫ్లోరైడ్ కాదు, కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. వేడికి తెల్లగ తెట్టు కడతయి. ఈసారి ఆ తెట్టే దొంగను పట్టిచ్చింది. టార్చి పెట్టి చూస్తే వాటర్ పంపు కింద చిన్న బెజ్జం నుంచి సన్నటి తెల్లగీత. లోపల సీలు అరిగితే నీళ్లు బయటపడేటందుకే ఆ బెజ్జం పెడతరు. బండి నడుస్తుంటే ఆ చుక్కలు ఫ్యాను గాలికి, ఇంజన్ వేడికి ఎండిపోతయి. కింద పడేటందుకు ఏం మిగుల్తది?

పంపు మార్పిచ్చినం. హెడ్ దించలే, మిత్తి తేలే. బోరు నీళ్లు బంద్ చేసి, బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ల కూలెంట్ కలిపి పోసినం. నాలుగు ట్రిప్పులైంది, నోటుబుక్కుల సున్నాలే. ఇప్పుడు బాపే రాస్తున్నడు, అంకెలు వాట్సాప్‌ల పంపుతున్నడు. లోపల పేరుకున్న తెట్టు కడిగించుడు మాత్రం ఇంకా బాకీ ఉంది, బత్తాయి సీజన్ అయినంక చూడాలె.