చెరువు మన్ను, మంచుసీమ కుండ

ఖమ్మం నుండి సూర్యాపేటకు పోయే బాటలో కుసుమంచి తగులుతుంది. కాకతీయుల నాటి గణపేశ్వరాలయం వలన ఆ గ్రామానికి పేరు వచ్చింది. చేరువలోనే నిజాం పాలనాకాలంలో నిర్మించిన పాలేరు జలాశయం ఉంది. నేడది నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటిని నిలుపుకొని ముందుకు పంపుతోంది. యాత్రికులు అక్కడి రాతిని చూసి పోతారు, రైతులు నీటిని చూస్తారు. నేను చూడబోయినది మట్టిని. మా మద్రసాలో వుజూ చేసే చోట ప్లాస్టిక్ డ్రమ్ములోని నీరు వేసవిలో చేయి పెట్టలేనంతగా కాగిపోతోంది. దానికి బదులు రంజన్లు ఉంచాలని నిశ్చయించి, ఆ పరిసరాల్లోని ఒక కుమ్మరి ఇంటికి వెళ్ళాను.

మట్టిపనితో ఆ నేలకున్న సంబంధం నేటిది కాదు. పక్కనున్న నేలకొండపల్లిలో జరిగిన పురావస్తు తవ్వకాలలో బౌద్ధ స్తూపం, విహారాలు, బావులు, నీటితొట్లు బయటపడ్డాయి. వాటితోపాటు కాల్చిన మట్టిబొమ్మలూ దొరికాయి. కంచును కరిగించి మరొకటి పోసుకోవచ్చు, రాతిని ఊడదీసి మరో గోడకు వాడుకోవచ్చు. కాలిన మట్టిని ఎవరూ దోచుకోరు. అందుకే అది మిగిలింది.

ఆ పెద్దాయన వయసు డెబ్బై దాటింది. చెరువు మన్నును ఎండబెట్టి, చితగ్గొట్టి, జల్లించి, నీట నానబెట్టి, సన్నని ఇసుక కలిపి కాళ్ళతో తొక్కుతారు. సారెపై లేచేది కుండ మెడా భుజాలే, అడుగు ఉండదు. కొంత ఆరిన తరువాత లోపల రాతిగుండు అదిమిపట్టి, వెలుపల చెక్కతో తట్టి తట్టి అడుగును మూస్తారు. నీడన ఆరనిచ్చి, ఆవంలో పేర్చి, కట్టెలు, పిడకలు, గడ్డి కప్పి కాలుస్తారు. రంజన్ మట్టిలోని సన్నని రంధ్రాల గుండా నీరు చెమ్మగా వెలికివచ్చి, ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. గాలి ఆడని మూలన పెడితే అది చల్లబడదు. మన ఇళ్ళలో చాలామంది పెట్టేది అక్కడే!

మానవుని సృష్టిని గురించి తెలుపుతూ దివ్యఖుర్ఆన్‌లోని అర్రహ్మాన్ సూరా 14వ ఆయత్ ‘ఫఖ్ఖార్’ అనే పదాన్ని వాడింది. కాల్చిన మట్టిపాత్ర అని దాని అర్థం. పెద్దాయన కాలిన కుండను వ్రేలి కణుపుతో తట్టి ఆ మ్రోత వినిపించినప్పుడు, ఇకమీదట ఆ పాఠం చెప్పే రోజున తరగతికి ఒక కుండను కూడా తీసుకుపోవాలనిపించింది.

మట్టిపాత్ర లేని జాతి ఉండదనుకుంటాం. భద్రాచలం వైపు అడవులలోని కోయవారు నీటికీ కల్లుకూ సొరబుర్రను వాడుకోవడం మనకు తెలుసు. ఇంకా వింతైన కథ కెనడా దేశపు ఉత్తర ప్రాంతానిది. హడ్సన్ అఖాతపు పడమటి ఒడ్డున రాంకిన్ ఇన్‌లెట్ అనే ఊరుంది. అక్కడివారిలో అత్యధికులు ఇన్యూట్‌లు. వారి పూర్వికులు అలాస్కాలో మోటు మట్టిపాత్రలు చేసేవారు. సుమారు 1000 ఏళ్ళ క్రితం తూర్పుకు తరలిన శాఖ క్రమంగా ఆ విద్యను విడిచిపెట్టింది. చెట్టు మొలవని నేలపై ఆవానికి కట్టె ఎక్కడిది? ఏడాదిలో అధికభాగం నేల గడ్డకట్టి ఉంటే మన్ను తవ్వేదెట్లా, ఆరేదెట్లా? అందుకు బదులు వారు బలపపు రాయిని తొలిచి వంటపాత్రలు, దీపాలు చేసుకున్నారు. సీల్ అనే సముద్రజంతువు కొవ్వుతో వెలిగే ఆ దీపాన్ని కుల్లిక్ అంటారు. వెలుగూ, వెచ్చదనమూ, వంటా దానితోనే.

1957లో ఆ ఊరిలో నికెల్ గని తెరుచుకుంది. వేటపై బ్రతికే కుటుంబాలు కూలికి చేరాయి. 1962లో గని మూతపడింది. గనిని నమ్ముకున్న ఇళ్ళకు దిక్కు తోచలేదు. అప్పుడు ప్రభుత్వం హస్తకళల కేంద్రం తెరిపించగా, క్లాడ్ గ్రెనియే అనే కళాకారుడు మట్టిపని నేర్పాడు. రాయిని చెక్కిన చేతులు గనుక, కుండను చేతితోనే కట్టి, దాని ఒంటిపై మనుషుల ముఖాలు, జంతువులు పొదిగేవారు. (ప్రాణుల రూపాల విషయంలో మన ధర్మాదేశం పాఠకులకు తెలిసినదే, నేను చెబుతున్నది ఆ చేతుల కష్టం గురించి.) 1967లో టొరంటోలో ఆ పాత్రలను ప్రదర్శించారు. 1970ల నడుమ ఆ కేంద్రం మూతపడింది. 1990లలో జిమ్ షర్లీ అనే కళాకారుడు అదే ఊరిలోని తన మ్యాచ్‌బాక్స్ గ్యాలరీలో ఆ పనికి మళ్ళీ ప్రాణం పోశాడు.

ఈ సంగతంతా చెబితే పెద్దాయన శ్రద్ధగా విని, “మౌల్సాబ్, ఆళ్ళు అందులో ఏం వండుకుంటారు?” అని అడిగారు. వండుకోరనీ, కొన్నవారు అలమరలో పెట్టుకుంటారనీ చెప్పాను. “అయితే అది కుండ కాదు, బొమ్మ” అని తేల్చేశారు. ఆయన మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆకలి తీర్చిన బొమ్మ అది. అయితే కొనేవాడు దూరాన ఉంటే పని ఎంత బలహీనమో కూడా ఆ ఊరి కథే చెబుతోంది. ఇక్కడ కొనేవాళ్ళం పక్క వీధిలోనే ఉన్నాం, అయినా ఆవం ఆరిపోతోంది. పెళ్ళిళ్ళకు ఐరేని కుండలు, బోనాలకు కుండలు, దీపావళికి ప్రమిదలు — ఆయనకు మిగిలిన గిరాకీ ఇదే. కూర వండే అటిక అడిగినవారు లేక చాలా ఏళ్ళయిందట. కొడుకులిద్దరూ ఖమ్మంలో గ్రానైట్ పనికి పోతున్నారు.

“గిరాకీ ఉన్నా ఒక్కణ్ణే మన్ను తొక్కలేను పో” అన్నారాయన మోకాళ్ళు నిమురుకుంటూ.

వచ్చే వేసవికి ఆరు రంజన్లు చెప్పాను. బేరం ఆడలేదు. సంక్రాంతి దాటాక చేస్తానన్నారు. మన్ను తొక్కడానికి అల్లుడు అప్పుడు వస్తాడట.