కిల్వా ద్వీపపు తల్లులు

తూర్పు ఆఫ్రికా తీరమున, నేటి టాంజానియా దేశపు దక్షిణ భాగమున, కిల్వా కిసివాని యను చిన్న ద్వీపము కలదు. సొఫాలా బంగారమును, ఏనుగు దంతములును పూర్వ మీ రేవునుండియే దూరదేశములకు పోవుచుండెను. 1331లో ఇబన్ బతూతా యచ్చటికి వచ్చి, ఆ పట్టణ మతిసుందరమని మెచ్చుకొనెను. 1505లో పోర్చుగీసువారు దానిని కొల్లగొట్టిరి. ఇప్పుడచ్చట మిగిలినవి పగడపు రాతి గోడలు.

ఆ రాతిని గూర్చి కొంత చెప్పవలెను. సముద్రమునుండి తీసిన క్రొత్తలో నది మెత్తగా నుండి ఉలికి లొంగును. గాలి తగిలిన పిమ్మట గట్టిపడును. పగడమునే కాల్చిన సున్నమగును. ఈ రెంటితోనే పెద్ద మసీదు గుమ్మటములు లేచినవి. ఈ రెంటితోనే సుల్తాను అల్ హసన్ ఇబన్ సులేమాన్ నూరు గదులకు మించిన హుసుని కుబ్వా సౌధమును, అందొక యెనిమిది కోణముల స్నానవాపిని కట్టించెను. ఆ సముద్రము నంతగా నెఱిగిన పనివారు ఆ తీరమున పుట్టి పెరిగినవారు గాక మఱెవ్వరు? అయినను ఈ కట్టడములు ఆఫ్రికావారివని యొప్పుకొనుటకు పండితులకు చాలకాలము నోరు రాలేదు.

వారికి దొరికిన యాధారము కిల్వా రాజుల చరిత్రము. షిరాజు రాజకుమారుడు అలీ యోడలో వచ్చి, ద్వీపమును చుట్టివచ్చునంత బట్ట నిచ్చి దానిని కొనెనట! బరోస్ అను పోర్చుగీసు చరిత్రకారుడు 1552లో ప్రకటించిన పాఠమున మఱియొక సంగతి కలదు. అలీ తల్లి అబిసీనియా బానిస. అందుచేత సోదరు లతనిని చులకన చేసిరి. తండ్రికి పేరున్నది, కొడుకునకు పేరున్నది, ఆమెకు లేదు.

ఇది చదువుచుండగా మా యింటి వంశవృక్షము నాకు జ్ఞప్తికి వచ్చినది. అందు తొమ్మిది తరముల పురుషుల పేర్లు ఎఱ్ఱసిరాతో వ్రాసియున్నవి. కొమ్మకొమ్మకును కొడుకే! వేళ్లు లేని యీ చెట్టు ఎట్లు చిగిర్చినదో దానిని వ్రాయించిన తాతగారి నడుగవలసినది.

కిల్వాలో నేల మాటలాడినది. 1960 ప్రాంతముల చిట్టిక్ దొర త్రవ్వించినప్పుడు, రాతిగోడల కాలమునకు ముందటి పొరలలో కఱ్ఱయు మట్టియు చేర్చి కట్టిన యిండ్ల జాడలును, ఇనుము కరగించిన గుర్తులును, ఆ తీరపు కుండపెంకులును బయల్పడెను. షిరాజు ఓడకు ముందే యచ్చట కాపురము లున్నవి, పొయ్యిలు మండినవి.

ఆ తీరపు మధ్యయుగ పట్టణముల సమాధులలోని యెముకల డి.ఎన్.ఏ. పరిశోధన 2023లో వెలువడినది. పారసీకులు వచ్చినమాట నిజమే. ఆసియా రక్తము పెక్కండ్రలో కనబడినది. కాని యది ముఖ్యముగా పురుషులవలన వచ్చినది. ఆఫ్రికా వంతు, అనేకులలో సగమునకు మించినది, ముఖ్యముగా తల్లులవలన వచ్చినది. చరిత్రము బొంకలేదు; సగము చెప్పి యూరకుండెను.

ఆ బిడ్డలు మాటలు నేర్చినది తల్లుల యొడిలో గదా! స్వాహిలీలో అరబ్బీ పదము లెన్నియున్నను, అది బంటూ కుటుంబపు భాష, పారసీకము కాదు. ఈనాడును ఆ ద్వీపమున, శిథిలముల ప్రక్కనే కాపురముండువారు, బిడ్డలను పిలుచునది ఆ భాషలోనే.