నదికి ఆవల నిషేధం

మన రాయచూరు సీమ రెండు నదుల నడుమ ఉన్నది. కృష్ణ దాటితే మహబూబ్‌నగరం, తుంగభద్ర దాటితే కర్నూలు. 2006లో ఆ రెండు జిల్లాలూ ఆంధ్రప్రదేశ్‌లోవే. ఆ ఏడు జూన్ 1న అక్కడి ప్రభుత్వం "ద డావిన్సీ కోడ్" అనే ఇంగ్లీషు సినిమాను ఎక్కడా ఆడరాదని ఉత్తరువు వేసింది. ఇవతల కర్ణాటకలో నిషేధం లేదు. బెంగుళూరులో చక్కగా ఆడింది. ఒకే మతం, ఒకే సినిమా. నది దాటేసరికి మనసు నొచ్చుకోవడంలో ఇంత తేడా వస్తుందా అని నాకప్పుడే ఆశ్చర్యం కలిగింది.

2003లో డాన్ బ్రౌన్ రాసిన నవలకు అది చిత్రరూపం. పారిస్ మ్యూజియంలో ఒక హత్య, దాని వెనుక ఒక రహస్యం. ఏసుప్రభువు మగ్దలేనా మరియను వివాహమాడెననీ, వారి వంశం నేటికీ నిలిచి ఉన్నదనీ ఆ రహస్యం. అసలు ఆ కథకు ఆధారమైన రహస్యసంఘం 1956లో ఒక ఫ్రెంచి పెద్దమనిషి రిజిస్టరు చేయించినదే. దాని ప్రాచీన పత్రాలన్నీ దొంగపత్రాలని తేలిపోయింది. మన సెన్సారువారు కూడా పెద్దలకు మాత్రమే అని సర్టిఫికెట్టు ఇచ్చి, ఇదంతా కల్పన అనే ప్రకటన చేర్పించిన మీదటనే విడుదల కానిచ్చినారు.

జూన్ 21న హైదరాబాదు హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. అభ్యంతరపత్రాలు వచ్చినవి గనుక నిషేధించినారే తప్ప ప్రభుత్వం తన బుద్ధితో ఆలోచించలేదని తప్పుపట్టింది. ఫైలు విప్పకుండానే నోటు పెట్టే గుమాస్తా ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు గదా!

ఇన్నేళ్లకు మొన్న ఒక ఆదివారం ఆ సినిమా మా ఇంట్లో చూచినాను. పక్కింటి మాస్టారు కూడా వచ్చినారు. ఆయన రిటైరైన బడిపంతులు. చర్చికి వెళ్లని ఆదివారం లేదు. ఆయనను పిలవవద్దని మా ఇంటావిడ ముందే అన్నది. ముప్పై ఏళ్ల ఇరుగుపొరుగు, ఒక్క సినిమాతో చెడుతుందేమోనని ఆమె భయం.

వివాహం మాట రాగానే నేను ఆపబోయినాను. "ఉండనీయండి బాబూ, అది ఉత్త కట్టుకథ" అని నవ్వేసినారు. ఆయన ముఖం మాడింది మరొకచోట. తనను తాను కొరడాతో కొట్టుకొని, ప్రార్థన చేసి, వెళ్లి మనుషులను చంపే సన్యాసి ఒకడున్నాడు. "భక్తి గలవాడంటే ఇట్లాగే ఉంటాడని పిల్లలనుకోరూ?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. కోర్టు తీర్పు సరైనదే, ఆయన బాధా నిజమే. నిషేధం కోరినవారు ఆ సన్యాసిని గురించి ఇంత సూటిగా చెప్పినట్లు నేనెక్కడా చదువలేదు.

కాఫీ తాగుతూ మాస్టారు అడిగినారు: "మీ దేవుణ్ణి గురించి ఎవరైనా ఇట్లా రాస్తే, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చూస్తారా?"

రాసినవారు లేకపోలేదు. 1920లోనే త్రిపురనేని రామస్వామి చౌదరి గారు "శంబుక వధ" నాటకంలో శ్రీరాముణ్ణే బోనులో నిలబెట్టినారు. కాలువ నీళ్ల కోసం సింధనూరు క్యాంపులకు తరలివచ్చినప్పుడు మా తాతగారు తెచ్చుకొన్న పెట్టెలో ఆ పుస్తకమున్నది. ఇంట్లో పూజగది వైపు దాన్ని రానిచ్చేవారు కారు.

అదే చెప్పినాను. "అయితే వచ్చే ఆదివారం మీరు చదవండి, నేను వింటాను" అన్నారు మాస్టారు. ఇంటావిడ ఆ రోజు తాను పుట్టింటికి వెళతానంటున్నది.