బొచ్చు కింద

తెల్లబొచ్చు కుక్క బక్కగా ఉందని కంటికి తెలియదు. స్పిట్జ్ జాతి కుక్కలకి బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైన పొడుగాటి వెంట్రుకలు, అడుగున దూదిలాంటి మెత్తటి పొర. లోపల ఉన్నది ఎముకల గూడే అయినా బయటికి బొద్దుగా, ముద్దుగానే కనిపిస్తాయి. జున్నుని చూసినవాళ్లంతా మొదట అన్నమాట, "అబ్బ, అచ్చం టఫీలా ఉందే!" 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' సినిమాలో ఉన్న టఫీ ఇదే జాతి. మన ఇళ్లలో ఇన్నేళ్లుగా పొమేరియన్ అని పిలుచుకుంటున్నవాటిలో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లే.

జున్నుది సినిమా కథ కాదు. కుక్కల చేత పిల్లల్ని పెట్టించి అమ్ముకునే ఒకచోట, ఇక ఇది పనికిరాదని తేల్చాక మా ఇంటికి చేరింది. పళ్లు చూసి ఆరేళ్లుండొచ్చన్నారు డాక్టరుగారు. ఎన్ని కాన్పులయ్యాయో చెప్పేవాళ్లు లేరు. బరువు మాత్రం తేలింది. 3 కిలోల 400 గ్రాములు. దాని ఎముకల తీరు చూస్తే 5 కిలోల దాకా ఉండాలట.

కుక్క సన్నగా ఉందో లేదో తెలుసుకోడానికి డాక్టరుగారు నాకు నేర్పిన పద్ధతికి మిషన్ అక్కర్లేదు. పిడికిలి బిగించి, ఆ కణుపుల మీద రెండో చేతి వేళ్లు నడిపించి చూడండి. కుక్క పక్కటెముకలు అలా గుచ్చుకుంటుంటే బాగా బక్కగా ఉన్నట్టు. అరచేతిని చాపి, వెనకవైపు తడిమితే ఎముకలు పలచటి చర్మం కింద తెలుస్తాయి కదా, అలా ఉంటే సరిపడా ఉన్నట్టు. లోపలివైపు బొటనవేలి కింది కండలాగా మెత్తగా ఉంటే లావు ఎక్కువైనట్టు. దీన్నే 1 నుంచి 9 వరకు అంకెల్లో కొలుస్తారు. 4, 5 మంచివి. జున్ను 2 దగ్గరుంది. ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే దాని బొచ్చులోకి వేళ్లు పోనిచ్చి పక్కటెముకలు తడమడం నాకు అలవాటైపోయింది.

ఏం పెడుతున్నావని అందరూ అడిగారు. డాక్టరుగారు అడిగింది వేరు: "పెట్టింది ఎవరు తింటున్నారో ముందు చూద్దాం."

జున్నులో చాలామంది తింటున్నారు. మలపరీక్షలో కొంకిపురుగుల గుడ్లు కనిపించాయి. అవి పేగు గోడని పట్టుకుని రక్తం తాగుతాయి. చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులు. వాటి వల్ల వచ్చే ఎర్లిఖియా అనే జబ్బు, మన దగ్గర టిక్ ఫీవర్ అంటారు, రక్తపరీక్షలో బయటపడింది. ప్లేట్‌లెట్లు తగ్గిపోయాయి, చిగుళ్లు పాలిపోయాయి. డాక్సీసైక్లిన్ 28 రోజుల కోర్సు. పురుగుల మందు ఒకసారి వేసి, రెండువారాలకి మళ్లీ వెయ్యాలి. ఇవి కాక రెండు దవడపళ్లు పుచ్చి కదులుతున్నాయి. ఆకలి వేసినా నమిలితే నొప్పి. ఇన్నిటి మధ్య దాని గిన్నెలో ఇంకో పిడికెడు అన్నం వేస్తే ఆ అన్నం జున్నుకి చేరేది ఎంత?

దీనికంటే పాత లెక్క ఒకటి ఉంది. పిల్లలకి పాలిచ్చే తల్లికుక్కకి మామూలు రోజులకంటే రెండు మూడు రెట్లు తిండి కావాలి. చాలకపోతే ఒంట్లోంచి తీసి ఇస్తుంది. ముందు కొవ్వు, తర్వాత కండ. చిన్నజాతి కుక్కలకి రక్తంలో కాల్షియం పడిపోయి ఫిట్స్ వచ్చేదాకా పోతుంది. మన ఇళ్లలో బాలింతకి పథ్యం, కాయం, నలభై రోజుల విశ్రాంతి అని ఇంత హడావుడి చేస్తాం. జున్నుకి ఒక ఈత పిల్లలు అమ్ముడయ్యేలోపు ఇంకో ఈత. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల బ్రీడింగ్ నిబంధనల ప్రకారం ఒక ఆడకుక్కకి జీవితంలో ఐదు ఈతలకి మించకూడదు, వరసగా రెండు సీజన్లలో కట్టించకూడదు. కాగితం మీద రాసిన ఆ అంకెకీ, నా వేళ్ల కింద తగిలే ఎముకలకీ మధ్య ఎంత దూరమో రోజూ పొద్దున్నే తెలిసొచ్చేది.

తర్వాత తిండి లెక్క. కిలోల్లో ఉన్న బరువుని 0.75 ఘాతానికి తీసుకెళ్లి 70తో గుణిస్తే, కుక్క ఊరికే పడుకుని ఉండటానికి రోజుకి ఎన్ని కేలరీలు కావాలో వస్తుంది. ఇంజనీరింగ్ అయ్యాక కాలిక్యులేటర్‌లో ఆ ఘాతం బటన్ నొక్కడం ఇదే మొదటిసారి. ఉండాల్సిన బరువు 5 కిలోలకి 234 వచ్చింది. బరువు పెరగడానికి దాని మీద ఇంకో నలభై శాతం. అంటే సుమారు 330. దాదాపు 60 గ్రాముల డ్రై ఫుడ్, ఒక ఉడకబెట్టిన గుడ్డు, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ 30 గ్రాములు. అంతే. ఒట్టి ఇంటితిండి మీద ఉంచితే కాల్షియం లాంటివి లోటుపడతాయని డ్రై ఫుడ్ వదలొద్దన్నారు. పళ్ల నొప్పి కదా, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాలి. చిన్న ఒంట్లో నిల్వలు తక్కువ కాబట్టి నాలుగుసార్లుగా పెట్టాలి.

అది కూడా మొదటిరోజు నుంచీ కాదు. మొదటి మూడు రోజులు అందులో సగమే. చాలాకాలం పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా తిండి అందితే రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం గబగబా కణాల్లోకి వెళ్లిపోతాయి, గుండె లయ తప్పుతుంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో శిబిరాల నుంచి విడుదలైన బందీల్లో కొంతమంది కడుపునిండా తిన్నాక చనిపోయారు. ఆకలితో ఉన్న ప్రాణానికి ఎదురుగా తిండి ఉన్నా కొంచెం కొంచెంగా పెట్టడం ఎంత కష్టమో అప్పుడు వాళ్ల డాక్టర్లకీ తెలిసే ఉంటుంది. జున్ను గిన్నె నాకేసి, గిన్నె కింద నేల నాకేసి, నా మొహంలోకి చూసేది.

ఆ చూపుకి అపార్ట్‌మెంట్ అంతా కరిగిపోయింది. "గింతేనా అక్కా పెట్టేది? బక్క పానం, ఇంకింత పెట్టు," అంది వాచ్‌మన్ భార్య. ఎదురింటి ఆంటీ సాంబారన్నం గిన్నెతో వచ్చారు. ఉల్లిపాయ కుక్కల ఎర్రరక్తకణాల్ని విరగ్గొడుతుందని, దీనికి అసలే రక్తం తక్కువని గుమ్మంలో నిలబడి చెప్పాను. ఖమ్మం నుంచి అమ్మ ఫోన్: "రెండు చెంచాల నెయ్యేసి కలపవే, ఎందుకు ఒళ్లు చెయ్యదో చూస్తా." నెయ్యి ఒక్కసారిగా ఎక్కువైతే క్లోమం వాస్తుందట అన్నాను. "మీకు అన్నీ రోగాలే," అని పెట్టేసింది.

అమ్మ మాట నాకు కొత్త కాదు. నేను సన్నగా పెరిగిన పిల్లని. "గాలికి ఎగిరిపోతావ్," "మీ ఇంట్లో తిండి పెట్టరా?" అని పెళ్లిళ్లలో, బస్సుల్లో, స్టాఫ్‌రూముల్లో ఎవరు పడితే వాళ్లు అనేవాళ్లు. ఆ మాటలన్నీ చివరికి అమ్మ మీదకే వచ్చేవి. పిల్ల బక్కగా ఉంటే తల్లి పెంపకానికి మచ్చ. అందుకే నా పళ్లెంలో ఇంకో గరిటె పడేది. కడుపు నిండిందన్న మాటని ఎవరూ లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు. జున్ను విషయంలో మా వీధి వీధంతా నాకు అమ్మ పాత్ర ఇచ్చింది. ఆమె అన్నేళ్లు ఎంత ఒత్తిడి మోసిందో అప్పుడు అర్థమైంది.

జున్ను తినే తీరు వేరే. ఎదురుగా మనిషి ఉంటే ముద్ద నోట కరుచుకుని మంచం కిందకి పోయేది. గుడ్డు ముక్కలు డోర్‌మ్యాట్ కింద దాచేది. గిన్నె చప్పుడైతే వణికేది. చాలా కుక్కలతో గిన్నె పంచుకుని, దక్కిందాన్ని దక్కినట్టు మింగిన ప్రాణం. దీనికి మందు బిళ్లల్లో లేదు. రోజూ అదే నాలుగు వేళల్లో, అదే మూలలో, అదే స్టీలు గిన్నెలో పెట్టి, నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. మళ్లీ పూట కూడా వస్తుందని దానికి తెలియాలి. అది చెప్పడానికి నాలుగుపూటలు తప్పకుండా పెట్టడం తప్ప వేరే భాష లేదు.

తూకం ఆదివారాలు. ఇంట్లో మిషన్‌ మీద ముందు నేను ఎక్కాలి, తర్వాత దాన్ని ఎత్తుకుని ఎక్కాలి, ఆ తేడా దాని బరువు. ఆ మిషన్ వంద గ్రాముల లోపు తేడా చూపించదు. జున్ను వారానికి పెరిగేది డెబ్భై గ్రాములు. అందుకని ఒక్కోవారం అంకె కదిలేదే కాదు. అంకె కదలని వారాల్లో చెయ్యి చెప్పేది: వెన్నెముక మీద గుచ్చుకునే కణుపులు కొంచెం మొద్దుబారాయని, తొడ దగ్గర కండ పట్టిందని. పుచ్చుపళ్లు తీయించాక నమలడం మొదలుపెట్టింది. చిగుళ్లు గులాబిరంగుకి తిరిగాయి. ఐదో నెల దాటేసరికి 4 కిలోల 900.

ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్నారు, ఇంకొంచెం పెడితే ఇంకా ముద్దుగా ఉంటుందంటున్నారు. 2002లో వచ్చిన ఒక పరిశోధన గురించి చదివాను. 48 లాబ్రడార్లని జంటలుగా చేసి, ప్రతి జంటలో ఒకదానికి పావువంతు తక్కువ తిండి పెట్టి బతికినన్నాళ్లూ గమనించారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. జున్నుకి ఆరేళ్లు ఎలా గడిచాయో నేనేం చెయ్యలేను. మిగిలినవాటికి ఇంకో రెండు కలుస్తాయంటే, వద్దని చెప్పే చెడ్డపేరు నేనే తెచ్చుకుంటాను. రోజుకి 330 నుంచి 300కి దించాం.

పోయిన వారం రాత్రి గిన్నె కడగడానికి తీస్తే అడుగున నాలుగు గింజలున్నాయి. ఒంట్లో బాలేదేమోనని జున్ను దగ్గరకెళ్లి ముక్కు, చిగుళ్లు చూశాను. బానే ఉంది. వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తోంది. డోర్‌మ్యాట్ ఎత్తి చూశాను, కింద ఏమీ లేదు. కడుపు నిండింది, అందుకని వదిలేసింది. పొద్దున్న మళ్లీ ఉంటుందని దానికి తెలుసు. పళ్లెంలో మెతుకు వదిలితే ఊరుకోని ఇంట్లో పెరిగినదాన్ని. ఆ నాలుగు గింజల్నీ చూస్తూ సింకు దగ్గర చాలాసేపు నిలబడ్డాను.