వెడల్పు తెర - వెనుక వరుస

చలనచిత్రాన్ని వెడల్పు చేయాలన్న కోరిక ఈనాటిది కాదు. 1927లో ఫ్రెంచి దర్శకుడు ఆబెల్ గాన్స్ తన ‘నెపోలియన్’ చిత్రపు ముగింపు ఘట్టాన్ని పక్కపక్కన నిలిపిన మూడు తెరలపై చూపాడు. 1952లో అమెరికాలో వెలసిన సినెరామాకు మూడు ప్రొజెక్టర్లు కావలసివచ్చాయి. బొమ్మా బొమ్మా కలిసేచోట అతుకు కనబడేది. మరుసటి ఏడే సినిమాస్కోపు ఆ అతుకును తొలగించింది. దృశ్యాన్ని ఒక కటకంతో అడ్డంగా నొక్కి ఫిల్ముపై ఇమిడ్చి, ప్రదర్శనలో మరొక కటకంతో విప్పడమే అందులోని ఉపాయం. తెలుగువారికి ఆ వైభవాన్ని 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ చూపింది. అటువంటి చిత్రాలే టెలివిజను పెట్టెలోకి వచ్చేసరికి అంచులు తెగి, సంభాషించే ఇద్దరిలో ఒకరి ముక్కు మాత్రమే మిగిలేదని పెద్దలు చెబుతారు.

ఈ పురాణమంతా ఎందుకంటే, మన వార్షికోత్సవానికి ఎల్.ఇ.డి. తెరను అద్దెకు తెచ్చారు. దానిపై చూపవలసిన కళాశాల చరిత్రను సిద్ధపరచే బాధ్యత తెలుగు పాఠాలు చెప్పుకొనే నాపై పడింది. అర మీటరు పలకలను అడ్డంగా ఇరవై, నిలువుగా ఆరు పేర్చి కట్టిన తెర అది. ఒక్కొక్క పలకకు అటు 128, ఇటు 128 కాంతిబిందువులు. వెరసి వెడల్పు 2,560, ఎత్తు 768. సాధారణ వీడియో 16కు 9 నిష్పత్తిలో ఉంటుంది. దానిని తెర వెడల్పుకు సరిపెడితే ఎత్తు 1,440 బిందువులకు పెరిగి, దాదాపు సగం కోతపడుతుంది. ఎత్తుకు సరిపెడితే ఇరువైపులా ఆరేసి వందల బిందువుల చీకటి. బలవంతాన సాగదీస్తే మనుషులు గుమ్మడికాయలవుతారు. మొబైలును నిలువుగా పట్టి విద్యార్థులు తీసిన వీడియోలే నయం. ఐదేసి చొప్పున పక్కపక్కన నిలిపితే తెర ఇంచుమించు నిండింది.

చిక్కంతా ఒక పాత బృంద ఛాయాచిత్రంతో వచ్చింది. ముందు కుర్చీలలో కమిటీ పెద్దలు, అధ్యాపకులు; వారి వెనుక విద్యార్థులు; అందరికంటె వెనుక బల్లలపై నిలిచిన అటెండర్లు, తోటమాలి. తెర నిండాలంటే ఆ పై వరుసను కోసివేయవలసిందేనని తెర తెచ్చిన ఆసామి సలహా. “నల్లగా ఖాళీ కనబడితే జనం బాగాలేదంటారు సార్” అన్నాడు. అతని వృత్తిధర్మం అతనిది. కాని ఈ కళాశాల గంట మోగించిన చేతులను కళాశాల చరిత్రనుంచే తొలగించడానికి నాకు మనసొప్పలేదు. కమిటీలో కొంత చర్చ జరిగి, చిత్రం నిండుగానే ఉండాలని నిర్ణయించారు.

ఆ ఖాళీలే చివరకు అక్కరకు వచ్చాయి. ఎడమ అంచునుండి తెలుగులోను, కుడి అంచునుండి ఉర్దూలోను పేర్లు వేశాము. ఒక లిపి అటునుంచి, ఒక లిపి ఇటునుంచి బయలుదేరి మనుషుల దగ్గర ఆగుతాయి. మన రెండు భాషలకు ఇంత అనువైన తెర ఇంతకుముందు దొరకలేదు. అయితే వాలుగా దిగే నస్తాలీఖుకు వరుసల నడుమ ఎక్కువ ఎడం కావాలి. మన వత్తులకూ అంతే. సన్నని గీతలు బిందువుల మధ్య విరిగిపోతాయి కనుక అక్షరాలు లావుగా ఉండాలి. మిత్రులైన ఉర్దూ అధ్యాపకులు నుక్తాలు ఒక్కొక్కటిగా సరిచూశారు.

పేర్లకోసం పాత జీతాల రిజిస్టర్లు తిరగవేశాము. వెనుక వరుసలో ఎడమనుంచి మూడవ వ్యక్తి పేరు మాత్రం ఇంకా దొరకలేదు. ఆయన పేరుండవలసిన చోటును ఖాళీగా ఉంచాము. ఎరిగిన పూర్వవిద్యార్థులు దయచేసి కళాశాల కార్యాలయానికి తెలుపగలరు.