క్రియాటిన్ ఎన్ని పాయింట్లు?

టెక్కలిలో ఓ జూనియర్ కాలేజీ. ఇంటర్ రెండో సంవత్సరం ఇంగ్లిషు క్లాసు. 'పుస్తకంలో లేని ఇంగ్లిషు మాట, ఈమధ్య మీ చెవిన పడింది ఒక్కటి చెప్పండర్రా' అన్నారు మాస్టారు. పిల్లలకు ఇంతకన్నా ఏం కావాలి! 'వైబ్' అన్నారొకరు. 'క్రింజ్' అన్నారు మరొకరు. 'ఘోస్టింగ్ మాస్టారూ... అంటే చెప్పాపెట్టకుండా మాట్లాడటం మానేయడం' అందో అమ్మాయి. అన్నీ బోర్డు మీదికెక్కుతున్నాయి. ఇంతలో వెనక బెంచీ కుర్రాడు లేచి, 'మా అన్న హైదరాబాద్‌లో క్రియాటిన్ మొదలెట్టాడు మాస్టారూ' అన్నాడు.

మాస్టారి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. 'అయ్యో... ఎన్ని పాయింట్లున్నాయిరా?' అన్నారు.

కుర్రాడు బిక్కమొహం వేశాడు. 'పాయింట్లేటి మాస్టారూ? పొడి అది. రోజూ ఓ చెంచా నీళ్లలో కలుపుకుని తాగుతాడు. జిమ్ముకెళ్లేవాళ్లు కండల కోసం వాడతారు.'

క్లాసంతా ఘొల్లుమంది. మాస్టారూ నవ్వేశారు. నవ్వనిది ముగ్గురే. ఒకరిది కవిటి, ఇద్దరిది మందస. ఆ మాట వింటే వాళ్లకు జిమ్ము గుర్తుకురాదు. ఇంట్లో బీరువా మీద మందుల చీటీల పక్కన దాచిన ల్యాబు కాగితం గుర్తుకొస్తుంది.

మాస్టారి సొంతూరూ అటువైపే. కవిటి మండలంలో సముద్రపు హోరు వినిపించే పల్లె. అందుకే ఆయన నోట ముందుగా ఆ ప్రశ్న వచ్చింది.

నిఘంటువుకన్నా ముందే...

మాస్టారికో అలవాటుంది. కొత్త ఇంగ్లిషు మాట ఎక్కడ విన్నా పొడుగు నోటుబుక్కులో రాసుకుంటారు. అది ఎలా పుట్టిందో తెలిస్తే పక్కనే రాస్తారు. లోకమంతా రోజుకు వందసార్లు అనే 'ఓకే' 1839లో బోస్టన్ పత్రికలో వేళాకోళంగా పుట్టింది. 'ఆల్ కరెక్ట్' అనే మాటను కావాలని తప్పుగా రాసి, పొడి అక్షరాలు తీశారు. పొగనూ మంచునూ అతికించి 1905లో లండన్‌లో 'స్మాగ్' అన్నారు. 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఆ ఏటి మాటగా 'సెల్ఫీ'ని ఎంచుకున్నారు. గంటలకొద్దీ ఫోనులో పనికిరానివి చూస్తే బుర్ర పాడవుతుందని చెప్పే 'బ్రెయిన్ రాట్' 2024లో ఆ స్థానం దక్కించుకుంది.

మనవాళ్లూ తక్కువ తినలేదు. వాయిదా వేయడం 'పోస్ట్‌పోన్' అయితే ముందుకు జరపడం 'ప్రీపోన్' కావాలి కదా అని కట్టేసుకున్నారు. తోడల్లుడికి ఇంగ్లిషులో పేరు లేదు. మనకు ఆ చుట్టరికం లేకపోతే కుదరదు. అందుకే 'కోబ్రదర్' వచ్చాడు. మన పందికొక్కు ఏనాడో 'బ్యాండికూట్'గా ఇంగ్లిషు నిఘంటువులోకి దూరిపోయింది.

వీటన్నిటిలో మాస్టారికి కనిపించిన సూత్రం ఒక్కటే... ఎవరికి అవసరం పడితే వాళ్లే మాటను పుట్టిస్తారు. నిఘంటువు తర్వాతెప్పుడో వచ్చి రాసుకుంటుంది. దీనికి సాక్ష్యం కావాలంటే లండన్ దాకా అక్కర్లేదు. టెక్కలి నుంచి పలాస వెళితే చాలు!

రెండొందల నలభై ఎంత?

పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు దుకాణం ముందు కాసేపు నిలబడి చూడండి. 'రెండొందల నలభై ఎంతుంది?' 'మూడొందల ఇరవై ఓ కిలో కట్టు' అంటుంటారు. కొత్తవాళ్లకు అవి ధరలేమో అనిపిస్తుంది. నిజానికవి పేర్లు. ఎగుమతి లెక్కల్లో డబ్ల్యూ-240 అంటే పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 240 దాటకుండా తూగే తెల్లటి గుండు పప్పు. డబ్ల్యూ-180 దానికన్నా పెద్దది. అంకె చిన్నదైతే గుడ్డు పెద్దది, ధరా పెద్దదే. విరిగినవి 'పీసులు', రెండుగా చీలినవి 'స్ప్లిట్లు'.

పిక్కలు వలిచి, పొట్టు తీసి, చూపుతోనే రకాలు వేరుచేసే ఆడవాళ్లలో బడిమెట్లు ఎక్కనివాళ్లెందరో! అయినా ఈ లెక్కలో పొరపాటు రానివ్వరు. పనీ కూలీ ఆ మాటల మీదే నడుస్తాయి మరి. కూటికి సంబంధించిన మాట ఏ భాషదైనా మనిషికి ఇట్టే వచ్చేస్తుంది. ప్రాణానికి సంబంధించిందైతే ఇంకా త్వరగా వస్తుంది.

అంకె తగ్గితేనే మంచిదనే లెక్క ఉద్దానంలో ఇంకోటుంది.

పెరిగితే ఓడిపోయే ఆట

మాస్టారి అప్ప తన పేరు రాయడానికే తడబడుతుంది. 'క్రియాటిన్' అని మాత్రం తడుముకోకుండా అంటుంది. అసలు మాట క్రియాటినిన్. కండరాల్లో తయారై, మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం అది. మాంసానికి గ్రీకు మాట 'క్రియాస్'. దాని నుంచి 1832లో ఫ్రెంచి శాస్త్రవేత్త షెవ్రెల్ ముందు 'క్రియాటిన్'కు పేరు పెట్టాడు. 1847లో జర్మనీ శాస్త్రవేత్త లీబిగ్ 'క్రియాటినిన్' అన్నాడు. రెండూ వేర్వేరు పదార్థాలు. పలకడానికి బరువుగా ఉందని ఉద్దానం రెండోదాని తోక కాస్త కత్తిరించింది. అది కాస్తా మొదటిదైపోయింది! హైదరాబాద్ జిమ్ముల్లో వాడే పొడి పేరు అదే. ఒకే మాట... అక్కడ బలం, ఇక్కడ భయం.

'పాయింట్లు' కూడా అంతే. కబడ్డీలో, వాలీబాల్‌లో పాయింట్లు పెరిగితే ఊరంతా ఈలలు వేస్తుంది. ల్యాబు కాగితంలో సుమారు 1.2 దాటితే ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. 'ఆయనకి నాలుగు పాయింట్లంట', 'ఈ నెల అరపాయింటు దిగింది' అని అరుగుల మీద మాట్లాడుకుంటారు. 'స్టేజి' అంటే ఒకప్పుడు సంబరాల్లో నాటకం వేసే వేదిక. 2002లో అమెరికా వైద్యులు కిడ్నీ జబ్బును అయిదు దశలుగా విభజించాక ఆ మాట ఇక్కడికి వేరే అర్థంతో చేరింది. 'మూడో స్టేజి' అంటే ఇంకా ఆశ ఉన్నట్టు. 'అయిదో స్టేజి' అంటే డయాలసిస్ దగ్గరికొచ్చినట్టు. కొవిడ్ రోజుల్లో 'పాజిటివ్' అనే మంచి మాట మనందరికీ చెడ్డదైపోలేదూ... ఉద్దానానికి అలాంటి అనుభవం అంతకుముందే ఉంది.

డయాలసిస్ అంటే గ్రీకులో విడదీయడం. 1861లో స్కాట్లాండ్ రసాయనవేత్త థామస్ గ్రాహం తన ప్రయోగానికి ఆ పేరు వాడాడు. 1943లో నెదర్లాండ్స్ వైద్యుడు విలెం కోల్ఫ్ దాన్ని మనుషులకు పనికొచ్చే యంత్రంగా మార్చాడు. మాస్టారి అప్ప భాషలో అది 'రగతం కడగడం'. వారానికి రెండు మూడుసార్లు, సుమారు నాలుగేసి గంటలు. సోంపేట, పలాస, టెక్కలి ఆసుపత్రుల్లో డయాలసిస్ కేంద్రాలు పెట్టాక ఆ మాట బస్సుల్లోకీ వచ్చింది. 'ఈరోజు నీ టర్నేనా?' అంటే ఎక్కడికని ఎవరూ అడగరు.

ఈ మాటలు నోళ్లలో నానడం వల్ల మేలూ జరిగింది. కాళ్ల వాపు వచ్చేదాకా ఆగకుండా 'ఓసారి క్రియాటిన్ చూపించుకో' అని ఇరుగుపొరుగే చెబుతున్నారు. చిక్కల్లా ఆ ఒక్క అంకెనే నమ్ముకోవడం. మూత్రపిండాల శక్తి సగం దాకా తగ్గినా కొందరిలో క్రియాటినిన్ పెద్దగా పెరగదు. అందుకే వయసు, ఆడా మగా తేడా కలిపి లెక్కకట్టాలనీ, మూత్ర పరీక్షా చేయించాలనీ వైద్యులు చెబుతారు. ఒళ్లు నొప్పులకు దుకాణంలో అడిగి బిళ్లలు మింగొద్దనీ అంటారు. పాయింటు పెరగలేదని ధీమాగా ఉండిపోతే ప్రమాదమే.

తోట పేరే జబ్బు పేరైంది

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పరుచుకున్న నేల ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస... ఎటు చూసినా పచ్చదనమే. ఉద్యానం అనే మాటే ఉద్దానమైందని పెద్దలు చెబుతారు. 1990ల్లో ఇక్కడి కిడ్నీ జబ్బు వైద్యుల దృష్టిలో పడ్డాక ఇంగ్లిషు వ్యాసాల్లో 'ఉద్దానం నెఫ్రోపతి' అనే మాట పుట్టింది. తోట పేరు జబ్బుకు అతుక్కుపోయింది.

ఇలా జరిగిన ఊరు ఇదొక్కటే కాదు. జపాన్‌లో మినమాటా ఓ సముద్రతీర పట్టణం. 1956లో అక్కడ పాదరసం విషం వల్ల వచ్చిన జబ్బు బయటపడింది. లోకానికి మినమాటా అంటే ఇప్పటికీ ఆ జబ్బే. ఎబోలా ఓ నది. జికా ఉగాండాలో ఓ అడవి. కొత్తగా వచ్చే అంటురోగాలకు ఊళ్ల పేర్లు పెట్టొద్దని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఉద్దానం జబ్బు అంటురోగం కాదు. పేరు తెచ్చే కష్టం మాత్రం అదే.

ఆ కష్టమేమిటో మాస్టారి ఇంట్లో తెలుసు. అప్ప కూతురికి విశాఖ వైపు నుంచి సంబంధం వచ్చింది. పిల్ల నచ్చింది. మాటలూ అయ్యాయి. చివర్లో పెళ్లికొడుకు మేనమామ, 'మీది ఉద్దానమే కదా?' అన్నాడు. 'అవును బాబూ' అంది అప్ప. ఆ తర్వాత అటునుంచి ఫోను రాలేదు. వీళ్లు చేస్తే ఎత్తలేదు. పిల్లకు ఏ జబ్బూ లేదు. కాగితాలు చూపించమని అడిగినా బాగుండేది. అడగనేలేదు. ఆ రాత్రి మాస్టారు నోటుబుక్కు తీసి, 'ఘోస్టింగ్' అన్న మాట పక్కన తేదీ వేసుకున్నారు.

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తుపానుకు పాకిస్థాన్ ఇచ్చిన పేరు తిత్లీ. అంటే సీతాకోకచిలుక. ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. తోటకు జబ్బు అర్థం వచ్చిన చోటే సీతాకోకచిలుకకు తుపాను అర్థం వచ్చింది. మాటలదేం తప్పు! వాటి మీద పడిన బరువు అలాంటిది.

చివరి అక్షరం

ఆమధ్య ఓ ఆదివారం మాస్టారు ఊరెళ్లారు. మేనకోడలు ఫోనులో ఏదో చదువుతూ, 'మామయ్యా, మన జబ్బుని సీకేడీయూ అని రాశారు. సీకేడీ తెలుసు, దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి. చివర యూ ఏమిటి?' అంది.

మాస్టారు చెప్పేలోగా అప్ప అందుకుంది. 'యూ అంటే ఉద్దానమేనేటి? అందులోనూ మన ఊరి పేరే పెట్టేసారా?'

'కాదప్పా. అన్‌నోన్ అని. ఎందుకొస్తుందో ఇంకా తెలీదని అర్థం.'

శ్రీలంక పల్లెల్లో వరి పండించేవాళ్లకు వస్తున్న జబ్బుకూ ఆ అక్షరమే తగిలించారు. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల కూలీలకు వచ్చేదీ ఇలాంటిదే. నీళ్లలో సిలికానా, ఎండలో చెమటోడ్చి సరిగా నీళ్లు తాగకపోవడమా, పురుగుమందులా, నొప్పి బిళ్లలా, అన్నీ కలిసా... పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం ఊళ్లకు తాగునీరు తెచ్చే పథకాన్నీ అదే రోజు ప్రారంభించారు.

'ముప్పయ్యేళ్లయినా తెలీకపోతే ఎప్పటికి తెలుస్తాది తమ్ముడూ?' అంది అప్ప.

దానికి మాస్టారు బాల్కన్ కథ చెప్పారు. డాన్యూబ్ నది చుట్టుపక్కల పల్లెల్లో ఇలాగే ఓ కిడ్నీ జబ్బు. 1950ల్లో బయటపడింది. దానికీ ఆ ప్రాంతం పేరే పెట్టారు. కారణం కోసం దశాబ్దాలు వెతికారు. చివరికి 2000 తర్వాత జరిగిన పరిశోధనల్లో తేలింది... గోధుమ చేలల్లో మొలిచే ఓ కలుపు మొక్క. దాని గింజలు గోధుమలతోపాటు మరలోకెళ్లి రొట్టెలోకి వచ్చేవట.

అప్ప కాసేపు ఆలోచించింది. 'కలుపు మొక్కా! అయితే మనదీ కళ్లముందే ఉంటాదేమో' అంటూ లేచింది.

టెక్కలి తిరిగొచ్చాక మాస్టారు నోటుబుక్కులో రెండు మాటలు రాశారు. ఒకటి ఉద్దానం. అర్థం దగ్గర 'తోట' అని మాత్రమే రాశారు. రెండోది సీకేడీయూ. మొదటి మూడక్షరాలూ పెన్నుతో రాసి, చివరిది మాత్రం పెన్సిల్‌తో రాశారు.